అంచు మిగిలిన రుమాలు

ప్రొఫెసర్ శవం ఉన్న గదిలోకి వెళ్లినవాళ్లంతా ముందు శవాన్నే చూశారు. అందులో వాళ్ల తప్పేం లేదు. తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు తెరిచి కప్పుకేసి చూస్తున్న మనిషిని వదిలేసి బల్లమీద గాజు జాడీని చూడాలని ఎవరికి తోస్తుంది? మెడ పక్కన సూది గుచ్చిన గుర్తు కనబడింది. జనం తిరిగే లాబొరేటరీలోకి, కిటికీలోంచి ఎండ పడుతుండగా, ఎవరో దర్జాగా వచ్చి, పని ముగించుకుని, అంతే దర్జాగా వెళ్లిపోయారు.

జాడీని చూసింది డాక్టరమ్మ ఒక్కరే. డాక్టరమ్మంటే నాడి పట్టుకునే డాక్టరు కాదు. గూఢచారి విభాగంలో విషాలూ, మందులూ, బూజులూ ఆవిడ శాఖ. జాడీలో గోరువెచ్చని నీళ్లున్నాయి. నీళ్లలో దారం ఒకటి నలుచదరంగా తేలుతోంది. అది రుమాలు అంచు కుట్టు. నాలుగు మూలలా ముడులు కూడా చెక్కుచెదరలేదు. రుమాలు మాత్రం లేదు.

ఆవిడ గాజుపుల్ల ముంచి, నీళ్లని పరీక్ష కాగితం మీద అద్ది చూసింది. చక్కెర. రుమాలు మొత్తం తీపి నీళ్లయిపోయింది. అది చూసి ఆవిడ గబుక్కున తన కొంగు వెనక్కి లాక్కుంది. ఆ లోపల పోలీసులు వచ్చి, జాడీకి మూత పెట్టి సీలు వేసి, సాక్ష్యం అంటూ పట్టుకుపోయారు.

ఆ మధ్యాహ్నమే బంకకి కబురొచ్చింది.

బంక ఆ విభాగంలో ఏజెంటు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, అది జీతం ఇచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకసారి ఎవరి వెనకైనా పడితే వదలడు, అందుకని బంక. అలాగే ఒకప్పుడు ముఖమల్ అనే గూఢచారిణి హోటల్ గది ఎదురుగా వానాకాలం మొత్తం కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ లోపల హాయిగా నవలలు చదువుకుంది. ఆవిడ మనిషి మాత్రం రహస్యాలన్నీ సూట్‌కేసులో పెట్టుకుని, లాబీలో కాఫీ తాగి, మనవాడి ముందునుంచే నడిచి వెళ్లిపోయాడు. డిపార్టుమెంటులో ఇప్పటికీ ఎవరైనా కదలకుండా కూర్చుంటే, ఏంటి, ముఖమల్ గది ముందున్నావా అని అడుగుతారు.

బాస్ ఆఫీసు పాత ఫ్యాన్లు రిపేరు చేసే షాపు వెనక ఉంది. బంక వెళ్లేసరికి బాస్ చల్లారిన టీ ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన టీ చల్లారనిచ్చాడంటే వ్యవహారం ముదిరిందన్నమాట.

చంపింది బూజు ముఠా అని బాస్ చెప్పాడు. విదేశీ ముఠా. మొహం లేదు, జెండా లేదు, ఎక్కడ కాస్త తడి తగిలితే అక్కడికి చేరుతుంది. రెండు దేశాలు కొట్టుకుంటే ఇద్దరికీ ఆయుధాలు అమ్ముకోవడం వాళ్ల వ్యాపారం. ఇప్పుడు సరిహద్దు నది నీళ్ల దగ్గర రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. రేపు సాయంత్రం ఒప్పందం మీద సంతకాలు జరగాలి. రెండు పక్షాలూ నమ్మే మనిషి ఒక్కడే, మధ్యవర్తి పెద్దాయన. ఆయన సంతకానికి ముందు పోతే, మీరు చంపారంటే మీరు చంపారని మర్నాటికల్లా తుపాకులు పేలతాయి. ముఠా లోపలి మనిషి ఒకరు ప్రొఫెసర్ ద్వారా మనకి కబురు పంపాడు, లేదా పంపింది, ఆ సంగతీ తెలియదు. పెద్దాయన్ని డయాలిసిస్ బల్లమీదే ముగిస్తారని, ఆయుధం ప్రొఫెసర్ తయారుచేసిన ఒక ఎంజైమే అని.

పెద్దాయన ఎవరో బంకకి తెలుసు. బాగా తెలుసు. బంక భార్య తండ్రి ఆయనే.

డయాలిసిస్ మానేయొచ్చుగా అని అడిగాడు. చర్చల హడావిడిలో పోయినసారి మానేశారని, ఈసారీ మానేస్తే సంతకం చేయడానికి మనిషే ఉండడని బాస్ అన్నాడు. ఇంకో చోట చేయిద్దామంటే ఆయనకి కొత్తరకం ప్లాస్టిక్ ఫిల్టర్లు పడవు, ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడదు. పాతకాలం రకం ఫిల్టరు ఆ ఒక్క చిన్న క్లినిక్కులోనే ఉంది.

తర్వాత అక్కడే కూర్చున్న డాక్టరమ్మ అందుకుంది. చచ్చిన చెట్లని తినే బూజులున్నాయి. వాటికి నోరుండదు, అందుకని కత్తెరల్లాంటి ఎంజైముల్ని బయటికి వదులుతాయి. ప్రతి కత్తెరకీ ఒక చెయ్యి ఉంటుంది. చెయ్యి ముందు సెల్యులోజ్‌ని పట్టుకుంటుంది, కత్తెర తర్వాత కోస్తుంది, చివరికి మిగిలేది చక్కెర. పత్తీ, చెక్కా, కాగితం అన్నీ సెల్యులోజే. అయితే అవే ఇటుకలతో రకరకాల గోడలు కట్టినట్టు, లోపలి పేర్పు మారితే రకం మారుతుంది. పత్తికి పుట్టుకతో వచ్చిన పేర్పు ఒకటి. దాన్నే మందులో కరిగించి మళ్లీ దారంగా లాగితే వచ్చే పేర్పు ఇంకొకటి. మామూలు ఎంజైమ్ ఈ పని రోజుల తరబడి నత్తనడకన చేస్తుంది. ప్రొఫెసర్ తయారుచేసింది అలాంటిది కాదు. చచ్చేముందు ఆయన తన రుమాలు మీదే వేసి చూసినట్టున్నారు, దానికి ఒక్క పూట పట్టింది.

"చెయ్యి దేన్ని పట్టుకుంటుందో కనిపెడితే చాలు, దేన్ని తినబోతోందో తెలిసిపోతుంది" అంది డాక్టరమ్మ.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఆ మాటే.

ఆవిడ ఇచ్చిన సామాను రెండే. కళ్లద్దాలు తుడుచుకునే స్ప్రే సీసా ఒకటి. అందులో ఉన్నది ప్రొఫెసర్ లాబొరేటరీలో దొరికిన ఆ ఎంజైమ్ చెయ్యి మాత్రమే. కత్తెర తీసేసి, దాని చోట మెరిసే రంగు తగిలించింది. రెండోది పెన్నులా కనిపించే ఊదారంగు టార్చి. స్ప్రే కొట్టి, కాసేపాగి, తడిబట్టతో తుడిచి, టార్చి వేస్తే చెయ్యి పట్టుకున్న చోటల్లా పచ్చగా వెలుగుతుంది. చెవిలో పెట్టుకోవడానికి చిన్న ఇయర్‌పీసు కూడా ఇచ్చింది గాని, అది అందరికీ ఇచ్చేదే.

కోడ్ మాట బాస్ చెప్పాడు. లోపలి మనిషి వచ్చి, ఈ గదిలో గాలి ఆడటం లేదు అంటాడు. మనం, కిటికీ తీస్తే దుమ్ము వస్తుంది అనాలి.

"మరి నా వేషం ఏంటి సార్? వార్డుబాయా, కాంపౌండరా?"

"అల్లుడు" అన్నాడు బాస్. "మామగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే అల్లుడు. ఇన్నేళ్ల సర్వీసులో నీకు మేకప్ అక్కర్లేని వేషం ఇదే."

బంకకి నవ్వు రాలేదు. ఇంతకంటే కష్టమైన వేషం తన జన్మలో వేయలేదని అతనికి తెలుసు.

మామగారి లెక్కలో బంక వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే మనిషి. అది విభాగం ఇచ్చిన కవర్ ఉద్యోగం, నిజం చెప్పడానికి వీల్లేదు. దేశాల మధ్య తగాదాలు తీర్చే పెద్దమనిషికి బంగారంలాంటి కూతురిచ్చి ఫిల్టర్లవాణ్ణి తెచ్చుకున్నానన్న దిగులు పెళ్లినాటినుంచీ ఉంది. కోపమొచ్చినా తిట్టరు. తిడితే బాగుండేది. అల్లుడుగారూ, మీరు అంటూ అంత మర్యాద చేస్తారు, ఆ మర్యాదకి బంక ప్రాణం చచ్చిపోతుంది.

మర్నాడు పొద్దున బయల్దేరేటప్పుడు భార్య గుమ్మందాకా వచ్చింది. ఆమెకీ సంగతులేం తెలియవు. తల్లి పోయినప్పటినుంచి తండ్రి ఆస్పత్రికి వెళ్తున్నాడంటే ఆమె మొహంలో రక్తం ఉండదు. భర్త చొక్కా కాలరు సరిచేస్తున్నట్టు దగ్గరికొచ్చి మెల్లిగా అంది.

"నాన్నని ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి."

బంక తలూపాడు.

క్లినిక్కు ఒక మేడ కింది అంతస్తులో ఉంది. తెల్ల టైల్సు, ఫినాయిలు వాసన, గోడకి కొట్టిన గడియారం, రెండు మిషన్లు. రెండోదాని మీద గుడ్డ కప్పి ఉంది. పెద్ద నర్సమ్మ గట్టి మనిషి, ఎవరినైనా కూర్చోమంటే కూర్చోవలసిందే. ఆవిడ కాకుండా ఉన్నది టెక్నీషియన్ ఒక్కడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. మందునీళ్లు కలిపి, మిషన్ నడిపేది అతనే.

మామగారు బట్టలు మార్చుకునే లోపల బంక పని మొదలుపెట్టాడు. దుప్పటి, దిండు, గాయాలకి కట్టే గాజుగుడ్డ, సూదులు కదలకుండా చేతికి అంటించే నూలు టేపులు, అన్నిటిమీదా కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ స్ప్రే కొట్టాడు. నర్సమ్మ పక్కన పడేసిన పాత ఫిల్టరొకటి పగిలి ఉంటే దానిమీదా కొట్టాడు. ఆ ఫిల్టరంటే ఏం లేదు, చేతిలో పట్టేంత ప్లాస్టిక్ గొట్టం, దాన్నిండా వెంట్రుకల్లాంటి బోలు దారాలు. దారాల లోపల మనిషి రక్తం పోతుంది, బయట మందునీళ్లు పోతాయి. రక్తంలో చెడు దారం గోడలోంచి నీళ్లలోకి దిగిపోతుంది. ఆ పల్చటి గోడే రోగికీ చావుకీ మధ్య అడ్డం.

తడిబట్టతో తుడిచి టార్చి వేశాడు. నూలు టేపులు పచ్చగా భగ్గుమన్నాయి. గాజుగుడ్డా అంతే. ఫిల్టరు దారాల మీద మాత్రం ఏదో ఉందా లేదా అన్నంత మసక.

"ఈ గదిలో గాలి ఆడటం లేదు" అని వెనకనుంచి వినిపించింది.

టెక్నీషియన్. బంక మెల్లిగా టార్చి జేబులో పెట్టుకుని, కిటికీ తీస్తే దుమ్ము వస్తుంది అన్నాడు. టెక్నీషియన్ మిషన్ తుడుస్తూ, పెదవులు కదిలీ కదలకుండా చెప్పాడు. మందు టేపుల్లో పెట్టారట. చెమట తగిలితే టేపు గుజ్జయిపోతుంది, సూది ఊడిపోతుంది, దుప్పటి కింద రక్తమంతా పోతున్నా పక్కవాళ్లకి తెలియదు. తనకి తెలిసింది అంతే.

అంతా అతికినట్టు సరిపోయింది. బంక బాత్‌రూములోకి వెళ్లి ఇయర్‌పీసులో డాక్టరమ్మకి చెప్పాడు. ఆవిడా సరిపోయిందంది. టేపులూ, గాజుగుడ్డా అన్నీ తీసేయించి, బయటినుంచి తెప్పించిన ప్లాస్టిక్ టేపు వేయించారు. నర్సమ్మ, అల్లుళ్లందరూ ఇంత శ్రద్ధగా ఉంటే ఎంత బాగుంటుంది అని మెచ్చుకుంది. మామగారు గోడకేసి చూశారు.

మిషన్ మొదలైంది. గుండ్రటి పంపు తిరుగుతూ ఎర్రటి ట్యూబుని నొక్కుతోంది. బంక స్టూలు లాక్కుని మామగారి చేతి పక్కన కూర్చున్నాడు. టేపు మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి మామగారికే విసుగొచ్చింది.

"అల్లుడుగారూ, నా చెయ్యి ఎక్కడికీ పారిపోదు. మీరు బయట తిరిగి ఎవరికైనా ఫిల్టర్లు చూపించుకోవచ్చు."

పర్వాలేదు మావయ్యగారూ అని బంక అక్కడే ఉన్నాడు. లోపల ఏదో తొలుస్తోంది. కోడ్ మాట సరిగ్గా ఉంది. వెలుగు సరిగ్గా ఉంది. టేపులు మార్చేశాడు. ఇక భయపడాల్సిందేమీ లేదు. అయినా టేపు అంచుని వేలితో మళ్లీ నొక్కి చూశాడు. గదిలో మిషన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. టెక్నీషియన్ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, గడియారం చూస్తున్నాడు. ఎవరికోసమో కాచుకున్నట్టు కాదు, వంట పొయ్యిమీద పెట్టి ఉడుకుతుందిలే అనుకున్నట్టు ఉంది అతని నిదానం.

సగానికి పైగా గడిచాక తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తర్వాత తెల్లపూల గుత్తి, ఆ వెనక ముఖమల్.

బూడిదరంగు చీర, చెవులకి ముత్యాలు, మొహంలో వయసు దాచుకోవాలన్న ఆత్రం లేని అందం. మెడలో అవతలి దేశం ప్రతినిధి బృందం కార్డు వేలాడుతోంది. పెద్దమనిషిని పరామర్శించి సంతకాల సభకి తీసుకెళ్లడానికి వచ్చానంది. మామగారి మొహం విప్పారింది. ఆయనకి ఆవిడ చర్చల్లో తెలిసిన మనిషి.

 ఆవిడ ఎవరికి పని చేస్తుందో ఎవరికీ తెలియదు. మన జీతం తీసుకుంది, వాళ్ల జీతం తీసుకుంది, బూజు ముఠా జీతం కూడా తీసుకుందంటారు. బంక చెయ్యి జేబులోకి పోయింది. ఆవిడ అది చూసి చిన్నగా నవ్వి, పూలు బల్లమీద పెట్టి, అతని పక్కనే కుర్చీలో కూర్చుంది. ఏమే, ఎందుకొచ్చావని అడగడానికి లేదు. టెక్నీషియన్ అక్కడే ఉన్నాడు. ఆ మాటకొస్తే ఆవిడ టెక్నీషియన్‌వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బంకకి ఆ సంగతి తర్వాత అర్థమైంది.

ప్రొఫెసర్ పోయారట, పాపం అంది ఆవిడ, పరామర్శకి వచ్చినవాళ్లు ఏదో ఒకటి మాట్లాడినట్టు. ఆయనతో తనకి పరిచయమంది. ఒకసారి ఆయనకి రుమాలు బహుమతి ఇచ్చిందట.

"పట్టనుకుని మురిసిపోయారు పిచ్చిమనిషి. పట్టు కాదు, రేయాన్. మెరుస్తుందంతే. అంచు మాత్రం నా చేత్తో నేనే కుట్టాను. మంచి నూలు దారంతో."

మామగారు అయ్యో అన్నారు. టెక్నీషియన్ గడియారం చూస్తూనే ఉన్నాడు. ముఖమల్ చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి బంక మొహంలోకి నేరుగా చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడిచిన కళ్లని రంగు వేసి దాచడం ఆవిడకి కూడా చేతకాలేదు.

"ఇంకా నువ్వు పట్టుకున్నచోటే కూర్చుంటున్నావా?" అంది మెల్లిగా. "ఆ వానాకాలం గుర్తుందా? నా తలుపు నువ్వెంత గట్టిగా పట్టుకున్నా నాకేం కాలేదు."

ఆ తర్వాత మామగారితో సభ సంగతులు మాట్లాడటం మొదలుపెట్టింది, ఏమీ జరగనట్టు.

బంక టేపుకేసి చూస్తున్నాడు గాని టేపు కనబడటం లేదు. జాడీ కనబడుతోంది. నీళ్లలో నలుచదరంగా తేలిన దారం. ప్రొఫెసర్ల రుమాళ్లు నూలువే కదా, అంచు దారం నైలాన్ అయ్యుంటుంది, అందుకే మిగిలిందని అందరూ అనుకున్నారు. జాడీ పోలీసుల దగ్గరుంది, ఎవరూ పరీక్ష చేయలేదు. ఇప్పుడేమో దారం నూలంటోంది. నూలు మిగిలింది, రేయాన్ కరిగిపోయింది. మరి టార్చి వేస్తే భగ్గుమని వెలిగింది నూలే కదా?

చెవిలో బొత్తాం నొక్కి, సేల్స్‌మన్ గొంతు పెట్టాడు.

"మేడమ్, మీ రుమాలు గురించి. కరిగిపోయింది రేయాన్ అట. మిగిలిన అంచు నూలట. మరి గట్టిగా పట్టుకున్నదాన్ని తినాలి కదా మన మిషను?"

మామగారు కళ్లు మూసుకున్నారు. చావుబతుకుల బల్లమీద కూడా అల్లుడు వ్యాపారం మానలేదు.

చెవిలో కాగితాలు గబగబా తిప్పిన చప్పుడు. తర్వాత డాక్టరమ్మ గొంతు, అలాంటి గొంతు అతను ఎప్పుడూ వినలేదు.

"పప్పులో కాలేశాను నాయనా. నూలుని చెయ్యి మరీ గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని అక్కడే ఇరుక్కుపోతుంది, కత్తెర కదలదు. కరిగించి తీసినదాని మీద పట్టు అంతంతే. అందుకే ఇరుక్కోకుండా ముందుకి పోతూ కోసుకుంటూ పోతుంది. వెలగనిది చూడు. అక్కడ వెలగనిది ఏముంది?"

వెలగనిది ఫిల్టరు. కరిగించి మళ్లీ దారంగా లాగిన సెల్యులోజ్, రేయాన్‌కి తోబుట్టువు.

అంటే మందు టేపుల్లో లేదు. మందునీళ్లలో ఉంది. ఒంటి వేడికి వెచ్చబెట్టి, పొద్దుటినుంచీ ఆ పల్చటి గోడలకి అవతలివైపు ప్రవహిస్తూనే ఉంది. కలిపింది టెక్నీషియన్. కోడ్ మాట అతనిది కాదు, చచ్చేముందు ప్రొఫెసర్ నోటినుంచి పిండుకున్నది. బంక పొద్దుటినుంచీ ఒక అబద్ధాన్ని కావలించుకుని స్టూలు మీద కూర్చున్నాడు. 

రక్తం కాస్త కారినా మిషన్ అరవాలి. మరి ఎందుకు అరవలేదు? బంక వంగి, కింద పడిన పెన్ను తీసుకుంటున్నట్టు మిషన్ వెనక్కి చూశాడు. రక్తాన్ని కనిపెట్టే గాజుకన్ను మీద నల్లటి టేపు ముక్క నీటుగా అంటించి ఉంది. దాని పక్కనుంచి వాడిన నీళ్లు పోయే గొట్టం కాలువలోకి దిగుతోంది. నీళ్లు తేటగా ఉండాలి. లేత గులాబీరంగులో ఉన్నాయి. అతను చూస్తుండగానే రంగు ముదిరింది.

లేచాడు. టెక్నీషియన్ అప్పటికే గది మధ్యలో నిలబడి ఉన్నాడు. మొహంలో అదే మెత్తదనం, చేతిలో మాత్రం సన్నటి సిరంజి. ప్రొఫెసర్ మెడ మీద గుర్తు ఎవరిదో ఇక అడగక్కర్లేదు.

పాత బంక అయితే ఆ చేతిని పట్టుకునేవాడు. పట్టుకుని, మెలితిప్పి, కింద పడేసి, వాడు ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు. ఆలోపల మామగారి రక్తం కాలువలో కలిసేది. ఆ క్షణంలో అతనికి భార్య కాలరు సరిచేసిన వేళ్లు గుర్తొచ్చాయి. సిరంజిని వదిలేశాడు. వాడికి వీపు చూపించి, మిషన్ మీదికి దూకి, ఎర్ర బొత్తాం గుద్ది, మామగారి చేతినుంచి వచ్చే ట్యూబునీ, తిరిగి వెళ్లే ట్యూబునీ రెండు క్లాంపులతో బిగించేశాడు. పంపు ఆగిపోయింది.

మామగారు గావుకేక పెట్టారు. బంక వీపు మీద సూది దిగుతుందని ఎదురుచూశాడు. దిగలేదు. వెనక్కి తిరిగి చూస్తే టెక్నీషియన్ నేలమీద ఉన్నాడు. ముఖమల్ కాలు కొద్దిగా చాపింది, అంతే. పడ్డవాడి నెత్తిన నర్సమ్మ స్టీలు ట్రేతో ఒక్కటిచ్చి, సిరంజి ఉన్న చెయ్యి మీద తీరుబడిగా కూర్చుంది. తన క్లినిక్కులో సూది ఎవరు పట్టుకోవాలో తనే చెప్పాలట.

అప్పుడే ఫిల్టరులోంచి చిన్న చప్పుడు వినిపించింది, తడిగుడ్డ చిరిగినట్టు. గొట్టంలో తెల్లటి దారాలన్నీ ఒక్కసారిగా కుంగిపోయి గుజ్జయిపోయాయి. ఎరుపు మొత్తం మందునీళ్లలోకి విరజిమ్మింది. ఆ ఎరుపు గొట్టంలోనే ఆగిపోయింది, క్లాంపుల అవతల మామగారి చేతిలో రక్తం మామగారిదిగానే ఉంది. ఇంకొక్క ఊపిరి ఆలస్యమైతే పంపు ఆయన్ని తోడేసేది.

 మామగారు ఆ ఎర్రటి గొట్టాన్ని చూశారు, ట్యూబుని ఇంకా వదలని అల్లుడి చేతుల్ని చూశారు. బంకకి ఏడుపొచ్చింది. ఏజెంట్లు ఏడవకూడదని ట్రైనింగులో చెప్పారు గాని, అల్లుళ్ల సంగతి చెప్పలేదు.

కొత్త ఫిల్టరు వేసి, సీలు తీయని డబ్బాల్లోంచి మందునీళ్లు కలిపి, డాక్టరమ్మ స్వయంగా వచ్చి పక్కన కూర్చున్నాక మిగిలిన డయాలిసిస్ పూర్తయింది. టెక్నీషియన్‌ని ఫ్యాన్లు రిపేరు చేసే షాపులోకి తీసుకెళ్లారు. సంతకాల సభ ఆలస్యంగా మొదలైంది. పెద్దాయన సంతకం కాస్త వంకరగా పడింది గాని పడింది. నది ఒడ్డున సైనికులు ఆ సాయంత్రం గుడారాలు పీకడం మొదలుపెట్టారు.

ముఖమల్ ఆ గొడవలో ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ చూడలేదు. పూలగుత్తి మాత్రం బల్లమీదే ఉంది. దాని మధ్యలో మడతపెట్టిన మెరిసే రుమాలు. బంక విప్పి చూశాడు. కుట్టు లేదు, నాలుగువైపులా పోగులు వేలాడుతున్నాయి. ప్రొఫెసర్ రుమాలుకి అంచు కుట్టిన మనిషికి ఇంకో రుమాలు కుట్టే మనసు లేకపోయిందేమో. లేక ముఠా దగ్గర ఈ మందు ఇంకా మిగిలుంది, ఈసారి అంచు కూడా మిగలదని చెప్పడమో. రెండూ కావచ్చు. అతను దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించాడు.

లోపలి మనిషి ఆవిడేనని బాస్ ఫోనులో ఒప్పుకున్నాడు. అయితే చివరికి ఆవిడ ఎవరి మనిషోయ్ అని అడిగాడు.

"ఎవరినీ గట్టిగా పట్టుకోదు సార్" అన్నాడు బంక. "అందుకే ఆవిడ చేతిలో పని జరుగుతుంది."

చీకటి పడ్డాక కారులో ఇంటికి బయల్దేరారు. మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునే మనిషి.  ఇంటి వీధి మలుపు తిరిగాక, గుమ్మంలో నిలబడ్డ కూతురు కనిపించాక, గొంతు సవరించుకున్నారు.

"ఆ ఫిల్టరు పోతోందని నీకెలా తెలిసిందిరా?"

బంక గేరు మార్చడం మర్చిపోయాడు. ఇన్నేళ్లలో మామగారు అతన్ని నువ్వు అనలేదు. ఆ 'రా' ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

"ఫిల్టర్ల వ్యాపారం కదా మావయ్యగారూ."

మామగారు ఆ జవాబుని కాసేపు లోపల తిప్పుకున్నారు. నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో, తగాదాలు తీర్చే మనుషుల మొహం చూసి చెప్పడం కష్టం. కారు ఆగింది. దిగబోతూ తలుపు పట్టుకుని వెనక్కి తిరిగారు.

"వీలు చూసుకుని మా వంటింట్లో కూడా ఒకటి బిగించు. మీ కంపెనీది మాత్రం వద్దు."